ఎండ తగిలిందా?

శశిభూషణ్ గారు ఎవరినీ బాగున్నారా అని అడగరు. "ఎండ తగిలిందా?" అని అడుగుతారు. యూనివర్సిటీలో సోలార్ కరెంటు పాఠాలు చెప్పే ప్రొఫెసర్ కాబట్టి, ఆయన కనుక్కునేది డాబాల మీది సోలార్ పలకల క్షేమం. ఏప్రిల్‌లో తార్నాక జనం మాత్రం ఆ మాట వినగానే నుదురు తడుముకుంటారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పోచయ్య మొదటిరోజు సార్‌కే వడదెబ్బ తగిలిందనుకుని చెంబెడు మజ్జిగ తెచ్చాడు. ఆయన వద్దనకుండా తాగేశారు.

అంతవరకూ భార్య కామాక్షి ఓర్చుకుంది. కానీ ఈమధ్య ఆయన రోజూ మిట్టమధ్యాహ్నం స్కూటర్ మీద ఇంటికొచ్చి, కనబడిన గింజనల్లా డబ్బాలో పోసుకుని లాలాపేట్‌లో పిండి గిర్నికి పోతున్నారు. సోమవారం గోధుమలు, మంగళవారం శనగలు, బుధవారం రాగులు. తినేది ఇద్దరు. పిండి డబ్బాలు వంటింట్లోంచి ఆయన పుస్తకాల బీరువాలోకి పాకాయి. చల్లబడ్డాక వెళ్లకూడదా అంటే, "అప్పుడు ఎండ ఉండదు కదోయ్" అన్నారు.

శుక్రవారం ఇడ్లీకి నానబెడదామని తీసిన మినప్పప్పు కూడా మాయమైంది. కామాక్షి ఒళ్లు మండి, ఆటో ఎక్కి నేరుగా గిర్ని ముందు దిగింది. ఆయన అప్పుడే వెళ్లిపోయారు. గిర్ని నడిపే ఉప్పలమ్మ స్టూలు వేసి కూర్చోబెట్టింది.

"సార్ చెప్తెనే పలకలు పెట్టిచ్చిన అమ్మా. ఎండపూట గిర్ని ఫుకట్‌గ తిరుగుతదన్నరు. తిరుగుతది. గాని ఎండల ఎవరొస్తరు? గిరాకంత పొద్దుమీకినంకనే. అప్పుడు మళ్ల బిల్లు కరెంటే. ఇగ బంద్ పెడతనన్న. సార్ తలకాయ పట్టుకుని కూసున్నరు. తెల్లారి నుంచి తనే గిరాకయి వస్తున్నరు."

ఎండ లెక్క కట్టిన ప్రొఫెసర్ గారు గిరాకీ లెక్క మరిచిపోయారన్నమాట. ఆ తప్పు దిద్దుకోవడానికి దారిలో కనబడిన ప్రతివాళ్లకూ డబ్బా చూపించి మధ్యాహ్నమే పట్టించమని పోరారు. ఇప్పుడు హాస్టల్ మెస్సు మిరపకాయలు, హబ్సిగూడ టిఫిన్ సెంటర్ల బియ్యం పన్నెండింటికే వస్తున్నాయి. బిల్లు తగ్గేసరికి ఉప్పలమ్మ పగటిపూట పిండి పట్టే ధర కూడా తగ్గించింది. గిర్ని మూసే మాటే లేదు.

కామాక్షికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆయన ముద్దొచ్చారు. ఇంట్లో మాత్రం పేరుకున్న గోధుమపిండితో మళ్లీ రొట్టెలే వడ్డించింది.

మర్నాడు మధ్యాహ్నం బియ్యం డబ్బా చంకనెత్తుకుని ఆవిడే బయల్దేరింది. ఇంత ఎండలో ఎక్కడికని మెట్ల మీద పక్కింటి సుధామయి అడిగింది.

"నాకూ ఎండ తగిలిందండీ," అంది కామాక్షి.

గేటు దాటేలోపే పోచయ్య మజ్జిగ చెంబుతో పరిగెత్తుకొచ్చాడు.