ఉప్పలమ్మ కొన్న మోటారు మిషను

యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్లకు పోయే దారిలో సత్తయ్యది రేకుల కొట్టు. విద్యార్థుల ప్యాంట్ల పొడవు తగ్గిస్తూ, జిప్పులు మారుస్తూ ఏళ్ల తరబడి అక్కడే బతికాడు. భార్య ఉప్పలమ్మ పక్కన కూర్చుని గుండీలు కుట్టేది. ఆమెను మిషను మీద మాత్రం ఎప్పుడూ కూర్చోనీయలేదు. "కుట్టు చెడితే అడిగేది నన్ను," అనేవాడు.

నిరుడు ఎండాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి నుంచి తార్నాకలోని ఇంటికి చేరాక చేయి కొంత తేరుకుంది, కుడికాలు తేరుకోలేదు. రెండు కాళ్లతో తొక్కే పాత మిషను ఇక ఆయన వల్ల కాలేదు.

గోల్నాకలో ఒక బట్టల కార్ఖానా మూసేస్తున్నారని, పాత మోటారు మిషన్లు అమ్మేస్తున్నారని పక్కింటి హెలెన్ చెప్పింది. ఆమె అక్కడే పనిచేసేది. ఉప్పలమ్మ ఆమెను వెంటబెట్టుకుని వెళ్లింది. హెలెన్ ఒక్కో మిషను కింద జీన్స్ పీలికను మడతలు పెట్టి నడిపి చూసింది. కుట్లు తప్పేవాటిని వదిలేసి, మూలన రంగు పోయిన ఒకదాని దగ్గర ఆగింది.

"ఇది నేను నడిపినదే అక్కా. నూనె మాత్రం ఎండనివ్వకండి," అని దాని మీద చేయి ఆనించి కాసేపు నిలబడిపోయింది.

మిషను ట్రాలీ ఆటోలో కొట్టుకు చేరింది.

"ఎడమకాలు ఒక్కటి పెడితే చాలు, అదే ఉరుకుతది. నీ కోసమే తెచ్చిన," అంది ఉప్పలమ్మ.

సత్తయ్య కూర్చున్నాడు. కాలు ఆనగానే మిషను ఉరికింది. ఆ వేగానికి ఆయన చేయి బట్టను పట్టలేకపోయింది. మళ్లీ కుట్టబోతే సూది విరిగింది. మెల్లగా లేచి, "నువ్వు కూసో," అన్నాడు.

పక్కన కుర్చీ వేసుకుని నేర్పాడు. "బట్టను గుంజకు. దానంతట అదే పోతది." దీపావళి నాటికి ఎంత మందం జీన్స్ అయినా ఆమె చేతిలో తిన్నగా సాగేది.

ఒకరోజు నవత అనే పీజీ అమ్మాయి తన ప్యాంటు అంచు తిరగేసి చూసి, "అంకుల్ కంటే నీట్‌గా కుట్టిన్రు ఆంటీ," అంది. సత్తయ్య నవ్వాడు. మర్నాటి నుంచి కాలు నొప్పి అంటూ కొట్టుకు రావడం మానేశాడు.

కొన్నాళ్లు చూసి ఉప్పలమ్మ ఒక ప్యాంటు ఇంటికి తెచ్చింది. "ఎందుకో వంకర పోతున్నది. రేపొచ్చి జర చూడరాదూ."

ఆయన కుట్టు వెంట బొటనవేలు నడిపాడు. "కావాలనే వంకర కుట్టినవ్."

ఆమె ప్యాంటు వెనక్కి తీసుకోబోయింది.

"నీ చెయ్యి ఎట్ల పోతదో నాకు తెల్వదా? నేనే నేర్పిన గద. విప్పి సక్కగ కుట్టు." అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ఏడుస్తూనే ఆ కుట్లు విప్పింది.

శ్రావణంలో రెండోసారి పక్షవాతం వచ్చి సత్తయ్య పోయాడు. దినాలయ్యాక ఉప్పలమ్మ కొట్టు తెరిచింది. చూడడానికి వచ్చిన హెలెన్, "పని సాగుతోందా అక్కా?" అని అడిగింది.

"గిరాకీ మస్తుగున్నది. ఎట్ల కుట్టినా బాగుందనే అంటున్నరు. తప్పు చెప్పేటోడే లేడు," అంది ఉప్పలమ్మ.

హెలెన్ చిక్కుపడ్డ దారం విడదీస్తూ ఆమె పక్కనే కూర్చుంది.