లింగన్న కట్టిన ముడి

ఎన్నో ఏళ్లు బస్తాలు ఎత్తించినవాణ్ని. ఏ బరువు ఎక్కడ దించాలో నాకు తెలుసు. ఒక్కటి మాత్రం దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎనభైల చివర్లో ఆర్మూర్‌లో ఒక పసుపు గోదాముకు నేను సూపర్‌వైజర్‌ని. అంతకుముందు హమాలీలు బస్తాను వీపున వేసుకుని మెట్లెక్కేవాళ్లు. సేటు వెంటపడి చైన్ పుల్లీ పెట్టించింది నేనే. హమాలీల్లో ఒకడైన లింగన్న, కింద నిలబడి బస్తాకు తాడు కట్టేవాడు. ఆ తాడును కొక్కేనికి తగిలించే పని ఎవరికీ ఇవ్వలేదు, నేనే చేసేవాణ్ని. గొలుసు లాగితే బస్తా పై అంతస్తుకు లేచేది. తాడు జారకుండా కొక్కెం నోటికి అడ్డంగా చిన్న ఇనుప నాలుక ఉండేది.

సీజన్‌లో భీమ్‌గల్ నుంచి, కమ్మర్‌పల్లి నుంచి బండ్లు బారులు తీరాయి. ప్రతిసారీ ఆ నాలుక నొక్కి తాడు తగిలించడం ఆలస్యమనిపించింది. ఒక పొద్దున ఊడదీసి జేబులో వేసుకున్నాను. నా పుల్లీ మెట్లకంటే వేగమని సేటు అనాలి. అంతే నా ఆశ.

మధ్యాహ్నం ఒక బస్తా గోడకు కొట్టుకుని ఊగింది. తాడు కొక్కెంలోంచి జారింది. కింద ఉన్న సాయన్న కుడి భుజం మీద పడింది బస్తా. సాయన్న లింగన్నకు సొంత అన్న. ఆ చెయ్యి మళ్లీ లేవలేదు.

అందరూ అతన్ని దవాఖానకు మోసుకుపోయారు. నేనొక్కణ్నే మిగిలాను. నాలుకను కొక్కేనికి మళ్లీ బిగించాను. ఇంకో పని కూడా చేశాను. అది చెప్పడానికి ఇంకా నోరు రావడం లేదు. సేటు వచ్చి అడిగితే ముడి ఊడిందన్నాను.

కొన్నాళ్లకు లింగన్న వచ్చి గోదాము గడప దగ్గర నిలబడ్డాడు.

"సారు, జర నిజం చెప్పున్రి. నా ముడే ఊడిందా?"

"నీ ముడే, లింగన్నా."

"గట్టిగనే కట్టిన సారు. అయినా మీరు చూసిన్రంటే ఇగ గంతే."

నమ్మాడు. తన చేతిని అనుమానించాడు గాని నన్ను అనుమానించలేదు. ఆ తర్వాత అతను కట్టిన బస్తాను ఏ హమాలీ ముట్టలేదు. పసుపు ఉడికించే కూలికి పోయాడు. అన్నకు ముద్దలు కలిపి తినిపించేది అతనేనని విన్నాను. దసరా ఆయుధపూజకు ఆ కొక్కేనికి బొట్టు పెట్టింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే అదే భయంగా ఉంది.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కొంత అదే. కానీ పుల్లీ వద్దు, మెట్లే నయమని మొదట్లో అందరి ముందూ అన్నవాడు లింగన్నే కాబట్టి, అతని ముందు నా తల వంచుకోవడం కన్నా అతని తల వంచడమే నాకు తేలికైందేమోనని ఇన్నేళ్ల తర్వాత నన్ను నేను అడుగుతుంటే, కాదనలేకపోతున్నాను.

అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు. తన ముడే ఊడిందనుకుంటూనే లింగన్న పోయాడు. మిమ్మల్ని క్షమించమనను. ఈ మిగిలిన మాట బయటపడితే కాస్త ఊపిరాడుతుంది, అంతే.

బస్తా కింద పడ్డాక కూడా ఆ ముడి బిగిసే ఉంది. నేనే కూర్చుని విప్పాను. గోళ్లు విరిగాయి, పళ్లతో లాగాను. అంత గట్టిగా కట్టాడు లింగన్న.