మేము లోకలా, కాదా

లోకల్ అనే మాట పెట్టినన్ని తిప్పలు నన్ను ఇంకే ఇంగ్లిష్ ముక్కా పెట్టలేదు. మహబూబాబాద్‌లో ఓ ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. లాటిన్‌లో చోటు అనే అర్థమున్న మాట నుంచి పుట్టిందని పిల్లలకు చెప్పాను. బొంబాయిలో అది రైలు, ఇంగ్లండ్‌లో ఇంటి దగ్గరి పబ్బు, దవాఖానలో పన్ను పీకే ముందు ఇచ్చే సూది, బూత్‌లో రూపాయి బిళ్లతో మాట్లాడే కాల్. భూపాలపల్లి బొగ్గుబాయిలో అయితే నౌకరీకి అర్హత. ముందు బెంచీ పిల్ల లేచి, "మరి మీరు లోకలేనా మేడం?" అంది.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి స్టేషన్ దగ్గర టిఫిన్ హోటల్ పెట్టాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివాను. కాగితం మీద ముమ్మాటికీ లోకలే. కానీ ఇంట్లో ఒక యాస, గడప దాటితే ఇంకో యాస. గుంటూరులో పెళ్లికి పోతే "తెలంగాణ పిల్లొచ్చింది, ఏదీ గిట్ల, గట్ల అను" అని ఆటపట్టించేవాళ్లు. ఇక్కడేమో ఆంధ్రోళ్ల పిల్లను. ఒళ్లు మండేది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. రాష్ట్రమొస్తే ఈ వాడకట్టు మమ్మల్ని తనవాళ్లనుకుంటుందా, పొమ్మంటుందా? అదొక్కటే నా బెంగ.

పిన్నిలాంటి పక్కింటి ఖాలాను అడగొచ్చు. బ్లౌజులు కుట్టే ఆమె నన్ను చంకనేసుకుని పెంచింది. అయినా అడగడానికి భయమేసింది. ఏమంటుందో!

ఆ వారమే వాడకట్టు ఆడవాళ్లు వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద రాళ్లపొయ్యి పెట్టి, బండ్లు ఆపి, అక్కడే వండుకుని తినడం. నన్నెవరూ పిలవలేదు, రావద్దనీ అనలేదు. పిలవని పేరంటానికి పోయినట్టు పోయి ఖాలా పక్కన ఉల్లిగడ్డలు కోశాను.

అన్నం ఉడుకుతుండగానే పోలీసులొచ్చి అందరినీ వ్యానెక్కించారు. నా ఖర్మ కాలి అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. "ఏం కాలేదమ్మా, వచ్చేస్తాను, కంగారు పడమాకు" అన్నాను. తలుపు దగ్గరున్న పోలీసాయన నా గుంటూరు యాసకు చెవులు రిక్కించాడు.

"మీరు మనవాళ్లేనామ్మా? వీళ్లతో మీకేం పని? దిగండి."

వ్యానంతా నా వైపే చూసింది. దిగాలో, ఉండాలో బుర్రకు తోచలేదు. ఖాలా నా భుజం తట్టింది.

"దిగు బిడ్డా. జల్ది దిగు."

ఈమే పొమ్మంటున్నదా? కళ్లనీళ్లతో దిగాను. ఖాలా కిటికీలోంచి గంటె నా చేతిలో పెట్టింది.

"పొయ్యి మీద అన్నమున్నది, మాడగొట్టకు. మేమొచ్చేదాక కుక్కల పాలు గానియ్యకు. గిట్ల నిలబడ్డవేంది, నడువు!"

వ్యాను పోయింది. నేను పరుగెత్తి మంట తగ్గించి, మూత పెట్టి, పొయ్యి పక్కనే కూలబడ్డాను. రోడ్డు ఖాళీ చేయించడానికి ఉండిపోయిన ఆ పోలీసాయనే విసుక్కుంటూ వచ్చాడు.

"ఇంకా ఇంటికి వెళ్లలేదేంటమ్మా?"

"ఎట్ల పోతా సార్? మావోళ్లు ఇంక తినలేదు" అన్నాను.