బుల్లియ్య మేస్త్రి సుద్దగీతలు

నరసాపురంలో గోదావరి గట్టు మీద పడవలు కట్టే బుల్లియ్య మేస్త్రికి చాదస్తమని పేరు. చెక్క కోసే ముందు పడవను అసలు కొలతలతో నేల మీద సుద్దతో గీస్తాడు. అందులో పనిచేయబోయే వాళ్లందరినీ పిలిపించి, ఆ గీతల మధ్య నిలబెట్టి, ఉత్తుత్తిగా పని చేయిస్తాడు. ఒకరికొకరు అడ్డం రావడం లేదని తేలాకే రంపం పడతాడు.

నేవీ కోసం మా కంపెనీ ఒక గస్తీ బోటు డిజైన్ చేస్తోంది. దాని స్టీరింగ్ గదికి అసలు కొలతలతో ప్లైవుడ్ నమూనా చేసే పని ఆయనకిచ్చాం. డ్రాయింగు నాది. గురువారం నేవీ వాళ్లు చూడటానికి వస్తారు. సోమవారం నేను వెళ్లేసరికి ప్లైవుడ్ కట్టలు కూడా విప్పలేదు. నేల నిండా సుద్దగీతలే. నాకు ఒళ్లు మండింది.

"కరెంటు ప్యానెల్ ఇక్కడుంటే కుదరదండి మేడంగారూ. వెనకాల తాళ్లతో చిన్న బోటు దింపేవోడు, స్టీరింగ్ కాడున్నోడికి కనపడడండి."

"మైకు ఉంటుందండీ. గీసినట్టు చేయండి, లేదంటే వేరే మేస్త్రిని చూసుకుంటాను."

"చూసుకోండి. ముందొకసారి మీరే నిలబడి చూడండి."

ప్యానెల్ గీత మీద ఒక షీటు నిలబెట్టించాడు. దాని వెనక తన చిన్ననాటి స్నేహితుడు సాల్మన్‌ను ఉంచాడు. ఇంజిను హోరుకి బదులు జనరేటర్ వేసి, నన్ను స్టీరింగ్ గీత దగ్గర ఉంచి, సాల్మన్ పిలిస్తే బోటు ఆపమన్నాడు. నేను ముందుకు చూస్తూ నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. విసుగొచ్చి జనరేటర్ ఆపించాను.

"అయిదుసార్లు కేకేశానండి," అంటూ సాల్మన్ బయటికొచ్చాడు. అతని కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే ఉన్నాయి.

"మైకు పట్టుకోడానికి చెయ్యి ఖాళీ ఉండాలి కదండీ. రెండు చేతుల్లోనూ తాళ్లే ఉంటాయి," అన్నాడు బుల్లియ్య. తర్వాత గొంతు తగ్గించాడు. "పదకొండేళ్ల కిందట అందం కోసం ఓ పడవకి క్యాబిన్ ఎత్తు పెంచానండి. మొదటిసారి నేనే నడిపాను. ఇంజినుతో తిరిగే వల లాగే మిషన్లో వీడి చెయ్యి పడింది. అరిచాడంట. క్యాబిన్ అడ్డమొచ్చి నేను చూళ్లేదు, ఇంజినాపలేదు."

నాకు సిగ్గేసింది. ఆఫీసులో చీవాట్లు తిని డ్రాయింగులో ప్యానెల్‌ను పక్క గోడకు జరిపాను. వెనక గోడలో అద్దాల కిటికీ పెట్టాను.

గురువారానికి బుల్లియ్య నమూనా కట్టేశాడు. నేవీ వాళ్లు లైఫ్ జాకెట్లు వేసుకుని, జనరేటర్ హోరులోనే గంటసేపు అందులో ఉత్తుత్తిగా పని చేసి చూశారు. బాగుందని సంతకం పెట్టి వెళ్లారు. వాళ్లు వెళ్లాక జనరేటర్ ఆపబోతే బుల్లియ్య వద్దన్నాడు. తను స్టీరింగ్ దగ్గర నిలబడ్డాడు. సాల్మన్ వెనక్కి వెళ్లి, అద్దంలోంచి కనపడేలా ఆ రెండు వేళ్ల చెయ్యి పైకెత్తాడు.

బుల్లియ్య ఇంజిను ఆపే మీటను గబుక్కున కిందికి లాగేశాడు. అది చెక్కమీట, దానికి ఏ ఇంజినూ లేదు. మీట మీద నుంచి చెయ్యి తీయకుండా, మా అందరి ముందే భోరున ఏడ్చేశాడు.