రష్యా మేడమ్ దగ్గర ఊడ్చిన శుక్రవారాలు

ఇప్పటి పిల్లలకి చల్లదనం అంటే రిమోట్ మీద ఒక మీట. మేము మస్కట్‌లో ఉద్యోగాలు వెలగబెట్టిన ఆ తొంభైల రోజుల్లో మాత్రం అది ఎవరిదో ఆస్తి. మన వంతు వచ్చినప్పుడు కాసేపు అనుభవించి, బుద్ధిగా తిరిగిచ్చేసి రావాలి. డ్యూటీలో ఉన్నంతసేపూ హాస్పిటల్ చల్లదనం మాదే. బయటికొచ్చి హమ్రియాలో మా రూమ్ మెట్లెక్కేసరికి ఒళ్ళంతా ఇడ్లీపాత్ర మూత తీసినట్టుండేది. రూమ్‌లో ఏసీ లేకపోలేదు. గాలికన్నా చప్పుడు ఎక్కువిచ్చేది. ఒక మే నెలలో చప్పుడు కూడా మానేసింది. వాచ్‌మన్‌ని అడిగితే "బుక్రా" అన్నాడు. అరబ్బీలో నేను నేర్చుకున్న మొదటి మాట అదే. దానర్థం 'రేపు' అని చెప్పారు. మూడు వారాలు పోయాక అది రోజు పేరు కాదనీ, ఒక రకం మర్యాద అనీ అర్థమైంది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పాలకొల్లు నుంచి వచ్చి ఏడాది తిరగలేదు. రూమ్‌లో నాతోపాటు మా వార్డు ఇన్‌చార్జక్క ఉండేది. అమలాపురం మనిషి. ఆవిడ గొంతు వింటే మత్తులో ఉన్న పేషెంట్లు కూడా సర్దుకుని పడుకునేవారు.

ఆ రోజుల్లోనే మా ఆడవాళ్ళ ఎముకల వార్డుకి ఒక రష్యా ఆవిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, భుజాలు చూస్తే మాత్రం మా వార్డు బాయ్ సిగ్గుపడాలి. కుడి మణికట్టు విరిగింది. ఎలా విరిగిందని కేసు షీట్ కోసం అడిగితే "ఐస్ మీద పడ్డాను" అంది. బయట ఎండ నలభై అయిదు డిగ్రీలు. ఇన్‌చార్జక్క నాకేసి చూసి, "జ్వరమేమో చూడు" అంది. చూశాను. లేదు.

రెండో రోజు ఊడ్చే మనిషి సెలవు పెట్టింది. ఎవరో సెలైన్ సీసా పగలగొడితే, అక్క మాప్ కర్ర నా చేతిలో పెట్టింది. (స్టాఫ్ నర్సునై ఉండి తుడవడమేమిటని నేను అడగలేదు. అక్కని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.) నా కోపమంతా నేల మీద చూపిస్తూ బరబరా రుద్దుతుంటే, మంచం మీంచి చప్పట్లు వినిపించాయి. చప్పట్లంటే ఒక చేత్తో మంచం పట్టీ మీద కొట్టడం. రష్యా మేడమ్ లేచి కూర్చుని ఉంది. "గుడ్! వెరీ గుడ్! ఫ్రమ్ షోల్డర్!" అంటోంది. ఇంతకాలం నా ఇంజెక్షన్‌ని ఎవరూ అలా మెచ్చుకోలేదు. డిశ్చార్జి రోజున కాగితం ముక్క మీద అడ్రస్ రాసిచ్చింది. "ఫ్రైడే. యూ కమ్. ఫోర్ ఉమెన్ వాంట్. స్వీపింగ్. వెరీ కోల్డ్ ప్లేస్."

రూమ్‌కి వెళ్ళి ఆ కాగితాన్ని ముగ్గురం చదివాం. మూడో మనిషి కింద వాటాలో ఉండే ఆపా. కడప ఆవిడ, లేడీస్ టైలరింగ్ షాపులో కుట్టేది. "పార్ట్ టైమ్ పని మాదిరుండాది," అని ఆపా తేల్చేసింది. "యాదో గోడౌన్ ఊడ్చేదానికి పిలుస్తాండాది." ఇన్‌చార్జక్కకి కోపం వచ్చింది. "బీఎస్సీ నర్సింగ్ చదివి గోడౌన్ ఊడుస్తామా? పైగా పతాకాలో నర్సు అని ఉంది. ఇంకో పని చేస్తూ దొరికితే ఇంటికి పంపించేస్తారు." పతాకా అంటే మా ఉద్యోగపు కార్డు. దాని మీద ఏ పని రాసుంటే ఆ పనే చెయ్యాలి.  పైన ఏసీ అప్పటికీ నోరు మూసుకునే ఉంది. అక్క విసనకర్రతో నాలుగుసార్లు విసురుకుని, "చాలా చల్లని చోటు అని రాసిందా?" అని మళ్ళీ అడిగింది.

శుక్రవారం అక్కడ సెలవు. పొద్దున అక్కా నేనూ రువీ చర్చిలో ప్రార్థన ముగించుకుని, మధ్యాహ్నం ముగ్గురం టాక్సీలో వెళ్ళాం. అది గోడౌన్ కాదు. స్కేటింగ్ చేసే పెద్ద మంచు హాలు. తలుపు తీయగానే ఎదురొచ్చిన ఆ చలికి మేము ఎవరేమడిగినా చేసే స్థితికి వచ్చేశాం. మేడమ్ కట్టుతో ఉన్న చెయ్యి గాల్లో ఊపుతూ వచ్చి, తలా ఒక చీపురు ఇచ్చింది. నేను తల వంచుకుని ఒక మూల నుంచి ఊడవడం మొదలుపెట్టాను. "నో, నో!" అని పరుగెత్తుకొచ్చి, అప్పుడు చెప్పింది అదొక ఆటని.

ఇరవై కిలోల నున్నటి రాయిని మంచు మీద జారవిడవాలి. అవతలి చివర గుండ్రాలు గీసి ఉంటాయి, వాటి నడిమికి చేరాలి. రాయి వెళ్తుంటే ఇద్దరు దాని ముందు పరుగెడుతూ మంచుని చీపుర్లతో రుద్దితే అది ఇంకాస్త దూరం వెళ్తుంది. నాలుగో మనిషి అవతల నిలబడి అరవాలి. ఆట పేరు కర్లింగ్. మొత్తం విన్నాక ఇన్‌చార్జక్క, "జీతం లేని ఊడ్పు అన్నమాట," అంది. అరిచే ఉద్యోగం మాత్రం ఆవిడకి వెంటనే నచ్చింది. నాలుగో మనిషిగా వాడీ కబీర్ అనే పేటలో స్కూల్లో లెక్కలు చెప్పే విజయనగరం టీచరమ్మ దొరికింది. ఆపా దగ్గరికి జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చేది. "ఏటీ, మంచా! వత్తాను," అని ఇంకేమీ అడక్కుండా వచ్చేసింది.

మేడమ్ కథ మాకు తునకలు తునకలుగా తెలిసింది. వాళ్ళ ఊళ్ళో స్కూల్లో డ్రిల్లు టీచర్. దేశం పేరే మారిపోయిన ఆ రోజుల్లో ఎవరో విదేశీయులు వచ్చి ఈ ఆట చూపించారట. చూసినవాళ్ళందరూ నవ్వి ఇళ్ళకి పోతే, ఈవిడ ఉండిపోయి నేర్చుకుంది. ఫ్యాక్టరీ అమ్మాయిల్ని నలుగుర్ని పోగేసి జట్టు కట్టింది. ఒక చలికాలం కోచ్‌గా చేసింది. రెండో చలికాలానికి చమురు బావుల దగ్గర పనిచేసే మొగుడికి ఒమాన్‌లో ఉద్యోగం వచ్చింది. సామాన్లలో చీపుర్లు పెట్టుకుంటుంటే, "ఎడారిలో మంచు ఎవరికి నేర్పుతావు?" అని ఆయన అడిగాడట. దానికి జవాబుగానే మమ్మల్ని పట్టుకుందని నా అనుమానం.

రాళ్ళు మాత్రం తెచ్చుకోలేకపోయింది. ఆపా మొగుడు వాడీ కబీర్‌లోనే పాలరాళ్ళు కోసే షెడ్డులో పనిచేసేవాడు. ఆయన ఎనిమిది రాళ్ళు గుండ్రంగా చెక్కి, తలుపు పిడులు బిగించి ఇచ్చాడు. చూడ్డానికి ఊరగాయ జాడీల మూతల్లా ఉండేవి. అందులో అన్నిటికన్నా అందమైనది, ఆకుపచ్చ చారలది, ఎలా వదిలినా చివర్లో ఎడమకి తిరిగిపోయేది. టీచరమ్మ మూడు వారాలు లెక్కలు కట్టి, "దానికి బుద్ధి లేదండీ," అని తేల్చింది.

వేసవంతా నేర్చుకున్నాం. అంటే పడ్డాం. ఒకసారి డ్రెస్సింగ్ మార్పించుకోడానికి మేడమ్ వార్డుకి వచ్చినప్పుడు, సంచిలోంచి ఒక ఉత్తరం తీసి నా ముందు పరిచింది. రష్యన్‌లో ఉంది. నాకు అర్థం కాదని ఆవిడకీ తెలుసు. అయినా ప్రతి లైను కింద వేలు పెట్టి చెప్పింది. వాళ్ళ దేశంలో ఆడవాళ్ళ జట్టు తయారుచేస్తున్నారు. కోచ్ కావాలి. ఆ పని అడిగినవాళ్ళంతా మగవాళ్ళు, వాళ్ళ చేతుల్లో జట్లు ఉన్నాయి. ఈవిడ కూడా ఇప్పటికీ ఆడవాళ్ళ జట్టుని నడుపుతోందనీ, బయటి జట్టుతో మ్యాచ్ ఆడించిందనీ కాగితం, ఫోటో పంపాలి. "మై టీమ్," అంది నాకేసి చూపిస్తూ. నా జీవితంలో అంతవరకూ నన్ను నమ్ముకుని ఎవరూ ఏ పనికీ దరఖాస్తు పెట్టలేదు. కట్టు కొంచెం బిగించి కట్టాను.

బయటి జట్టు దొరకడం కష్టం కాలేదు. చమురు కంపెనీ దొరల భార్యల్లో నలుగురు ఈ ఆట పుట్టిన దేశం వాళ్ళే. చిన్నప్పటి నుంచీ ఆడినవాళ్ళు. వాళ్ళకి సొంత బూట్లుండేవి. మాకు రెండేసి జతల సాక్సులుండేవి. మంచు హాలు చూసుకునే ఒమానీ పెద్దాయన్ని ముదీర్ అనేవాళ్ళం. ఆయన అంపైర్. వేసవంతా చూసినా ఆ ఆట ఆయనకి అర్థం కాలేదు కాబట్టి ఎవరి పక్షమూ వహించడని అందరూ ఒప్పుకున్నారు. మ్యాచ్‌కి ముందు ఇన్‌చార్జక్క కళ్ళు మూసుకుని, "ప్రభువా, గెలుపు నీ చిత్తం. ఎముకలు మాత్రం విరగనివ్వకు," అని ప్రార్థించింది. ఆపా బిస్మిల్లా అంది. టీచరమ్మ ముక్కు తుడుచుకుంది.

అతిథులు కదా, రాళ్ళు ముందు మీరే ఏరుకోండని అక్క మర్యాద చేసింది. దొరసానుల కెప్టెన్ సూటిగా వెళ్ళి ఆకుపచ్చ చారల రాయి తీసుకుంది. అక్క మేడమ్ చెవిలో ఇంగ్లీషులో, "చెప్పాలి కదా?" అంది. మేడమ్ చాలాసేపు ఆలోచించి, "షీ ఆస్క్?" అంది. అడగలేదు.

ఆరు రౌండ్లు. మొదటి రెండూ ఎలా పోయాయో కూడా మాకు తెలీదు. మూడో దాంట్లో నా వంతు వచ్చింది. గీత దగ్గర రాయి వదిలెయ్యాలని నాకు బాగా తెలుసు. కానీ ఆ నున్నటి ప్రపంచంలో పట్టుకోడానికి నాకు అదొక్కటే ఉంది. వదల్లేదు. రాయీ నేనూ కలిసి బోర్లా జారుకుంటూ వెళ్ళి, గుండ్రాల నడిమికి చేరాం. అంతమంచి గురి ఆ రోజు ఇంకెవరిదీ లేదు. "రాయిని మాత్రమే లెక్కపెట్టాలా, మనిషిని కూడానా?" అని ముదీర్ అడిగాడు. రెండూ చెల్లవన్నారు. అక్క అవతలి చివర్నుంచి, "లేవవే! పల్స్ ఉందా?" అని అరిచింది.

ఆఖరి రౌండుకి వాళ్ళకి తొమ్మిది, మాకు సున్నా. ఆపా రాయి ఎలాగో గుండ్రంలోకి చేరింది. దొరసానుల రాయి దానికన్నా లోపల ఉంది. వాళ్ళ కెప్టెన్ చివరిగా ఆకుపచ్చ రాయిని ఎంతో ఒడుపుగా వదిలింది. ఇంతవరకూ దాని వంకరకి ఆవిడ సర్దుకుంటూనే వచ్చింది, గొప్ప మనిషి. ఈసారి మాత్రం అది చివర్లో గుర్తుకొచ్చినట్టు ఎడమకి తిరిగి, వాళ్ళ రాయినే బయటికి నెట్టి, దాంతోపాటు తనూ పోయింది. గుండ్రంలో ఆపా రాయి ఒక్కటే మిగిలింది. మాకు ఒక పాయింటు. "మా ఆయన చేతి పనితనం," అంది ఆపా, చున్నీ సర్దుకుంటూ.

అసలు కష్టం ఫోటో దగ్గర వచ్చింది. మేడమ్ కెమెరా తీయగానే అక్క వెనక్కి తగ్గింది. "ఫోటో గీటో వద్దమ్మా. రేపు ఎవరి చేతిలోనన్నా పడితే, పతాకాలో ఇది లేదు కదా అంటారు." ఆపా, "నా మొగుని ఉజ్జోగం గూడా పాయె," అంది. టీచరమ్మ బూట్ల లేసులు కట్టుకోడం మొదలుపెట్టింది. వాళ్ళ భయం ఉత్తదేం కాదు. ఆ రోజుల్లో మా బతుకులన్నీ ఆ కార్డు మీదే ఆనుకుని ఉండేవి. మేడమ్‌కి తెలుగు రాదు. కానీ ఏం జరుగుతోందో అర్థమైంది.  కెమెరా మూత పెట్టేసి, చీపుర్లు ఏరడం మొదలుపెట్టింది. ఎడం చేత్తో ఒక్కొక్కటే తీసి, విరిగిన చేతి చంకలో పెట్టుకుంటోంది.

అది చూస్తూ నిలబడలేకపోయాను. ధైర్యం అని చెప్పుకోను. నాకు భయపడాల్సినవన్నీ అప్పటికింకా తెలియవు. ఆవిడ చంకలోంచి ఒక చీపురు లాక్కుని, మంచు నడిమికి వెళ్ళి నిలబడి, "నా ఒక్కదానిదే తియ్యండి," అన్నాను.   కాసేపటికి వెనకాల సాక్సుల చప్పుడు.

"దీన్నొక్కదాన్నే పంపితే ఎవరన్నా జట్టంటారా?" ఇన్‌చార్జక్క వచ్చి నా జుట్టు సరిచేసి పక్కన నిలబడింది. "నవ్వకు. నవ్వితే ఇంకా గుర్తుపడతారు." తర్వాత ఆపా వచ్చింది. టీచరమ్మ ఒక బూటుతో వచ్చింది.

కాగితం రాసే పని నా మీద పడింది. ఇంగ్లీషులో రిపోర్టు అంటే నాకు తెలిసింది ఒక్కటే పద్ధతి, డ్యూటీ దిగేటప్పుడు కేసు షీట్‌లో రాసేది. అలాగే రాశాను. 'ఆటగాళ్ళు నలుగురూ స్పృహలో ఉన్నారు. పిలిస్తే పలుకుతున్నారు. చలిగా ఉందని చెప్పారు. ఒకరు జారి పడ్డారు, దెబ్బలేమీ లేవు. తొమ్మిదికి ఒకటి స్కోరుతో ఓడిపోయారు. మ్యాచ్ మొత్తాన్ని తట్టుకున్నారు. కోచ్ ఆద్యంతం పక్కనే ఉన్నారు. పరిస్థితి క్రమంగా మెరుగుపడుతోంది.' ముదీర్ గంభీరంగా చదివి ముద్ర వేశాడు. మేడమ్ మొగుడు దాన్ని రష్యన్‌లోకి మారుస్తూ రెండుసార్లు లేచి బయటికెళ్ళి నవ్వుకుని వచ్చాడట. మేడమ్ మాత్రం నవ్వలేదు. "ఎవ్రీథింగ్ ట్రూ," అంది.

మూడు నెలలకి ఆవిడ వెళ్ళిపోయింది. ముందు పెద్ద జట్టు ఇవ్వలేదు. చిన్నపిల్లల జట్టుకి రెండో కోచ్‌గా పెట్టారు. రెండేళ్ళు పోయాక ఆడవాళ్ళ జట్టు ఆవిడ చేతికొచ్చింది. అప్పుడు రాసిన ఉత్తరంలో ఒక సంగతి చెప్పింది. వచ్చిన దరఖాస్తులన్నిట్లోనూ గెలుపులే ఉన్నాయట. ఓడిపోయామని రాసుకున్న కాగితం మాదొక్కటేనట. దాన్ని చదివిన పెద్దాయన, ఈమె ఎవరో చూడాలి, పిలవండి అన్నాడట. ఆ ఉత్తరాన్ని అక్క వార్డులో అందరికీ చదివి వినిపించింది. పతాకా సంగతి ఆ క్షణానికి మర్చిపోయింది.

మేడమ్ లేని జట్టు రెండు శుక్రవారాలు నిలిచింది. నేను పెళ్ళి చేసుకుని సలాలా వెళ్ళాను. అక్క అమలాపురం వచ్చేసింది. ఉత్తరాలు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరం గమనించలేదు. ఆ మధ్య ఒక మధ్యాహ్నం కాకినాడలో మా ఇంట్లో టీవీ చానళ్ళు తిప్పుతుంటే ఆడవాళ్ళ కర్లింగ్ కనిపించింది. అద్దం వెనకాల తెల్ల జుట్టు కోచ్ ఒకావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడేనని మా ఆయనకి చెప్పాను. "వాళ్ళందరూ ఒకే కోటు వేసుకున్నారు, నీకెలా తెలుసు?" అన్నారు. నాకు తెలీదు. అయినా ఆవిడే. మంచు మీద ఒక అమ్మాయి ఒక మోకాలు పూర్తిగా వంచి, అలవోకగా జారుతూ వచ్చి, గీత దగ్గర రాయిని అలా వదిలేసింది. నేను కుర్చీలోంచి లేవబోయాను. లేవడానికి రెండు ప్రయత్నాలు పట్టాయి. ఇప్పుడు వదలడం బాగా వచ్చు, మోకాళ్ళే వంగవు. ఆ రోజుల్లో ఆ పాలకొల్లు పిల్లకి మోకాళ్ళు ఎంత కావాలంటే అంత వంగేవి. వదలడం ఒక్కటే చేతకాలేదు, పిచ్చిది.