చిన్నమామ కట్టెల మంద

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం కూర్చుని వేరుశనక్కాయల పొట్లం విప్పితే, ఆ కాగితంలో ఒక బొమ్మ కనబడింది. ఎక్కడిదో అడవి. పడిపోయిన చెట్లను, ఎండిన వేళ్లను కూర్చి ఎవరో పెద్ద పక్షిని నిలబెట్టారు. దాని రెక్క మీద నూనె మరక. కింద ఉన్న అక్షరాలను వేలితో పట్టుకుంటూ చదివాను. నాకు చదువు పిల్లల పెళ్లిళ్లయ్యాక వచ్చింది కాబట్టి ఇప్పటికీ పెదవులు కదపనిదే చదవలేను. పక్కనున్నామె నేనేదో ప్రార్థన చేసుకుంటున్నానని కొంచెం జరిగి చోటిచ్చింది. అడవిలో కూలిన చెట్లతో శిల్పాలు అని ఉంది. మా చిన్నమామ చేసినదాన్ని శిల్పమంటారని ఆయనకు తెలిసి ఉంటే ఎంత సిగ్గుపడేవాడో అనుకున్నాను.

చిన్నమామ అంటే మా మామకు, అంటే మా ఆయన తండ్రికి, తమ్ముడు. హొళగుంద దారిలో, కొండను ఆనుకుని ఉన్న మా ఊళ్లో గొర్రెలు కాసేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఇన్ని ఆడగొర్రెలు సాలవా తల్లీ" అనేవాడు. మండుటెండలో కూడా భుజం మీద కంబళి ఉండాల్సిందే. వాన, పాలు, గొర్రె బొచ్చు కలిసి దానిదొక వాసన. ఇప్పటికీ తొలకరి పడితే నాకు మట్టికంటే ముందు ఆ కంబళే గుర్తొస్తుంది. ఒక ఏడు చినుకే లేదు. మేతకు గతిలేక మందనంతా సంతకు తోలారు. ఆ రోజునుంచి చిన్నమామ మాట తగ్గించాడు, కూడు తగ్గించాడు. పొద్దుగూకే వేళకు మాత్రం లేచిపోయి ఖాళీ దొడ్డి తలుపు తీసేవాడు. గొర్రెలు లోపలికి పోయేంతసేపు పక్కకు తప్పుకుని నిలబడి, తర్వాత మూసి వచ్చేవాడు. మా అత్త నోరంటే ఊరందరికీ భయమే గానీ, ఆ సమయానికి ఆమె కూడా వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

మరుసటి ఏడు తొలకరికి ముందొచ్చే ముంగారు గాలికి కొండమీద ఎండిన చెట్లెన్నో కూలాయి. చిన్నమామ పొద్దున్నే కొండెక్కడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నాడో నేను కట్టెలకు పోయినప్పుడు చూశాను. తెల్లవారి మసక వెలుతురులో, నిజంగానే ఎవరిదో మంద మేస్తోందనుకున్నాను. తుమ్మ మొద్దులు ఒళ్లు, చండ్ర కొమ్మలు కాళ్లు, మెలితిరిగిన వేళ్లు కొమ్ములు. మేకు లేదు, తాడు లేదు. ఒకదాని సందులో ఒకటి ఇరికించి, రాళ్లు ఆనించి నిలబెట్టాడు. ఒకటి తల వంచి మేస్తోంది, ఒకటి వెనక్కి తిరిగి చూస్తోంది, చిన్నవి తల్లుల పొట్టల కింద దూరాయి. గాలి వీస్తే అన్నీ కొంచెం కొంచెం కదిలాయి. నేను అడుగేస్తే బెదిరిపోతాయేమోనని చాలాసేపు అలాగే నిలబడ్డాను.

"దగ్గరికి రామ్మా, ఇవి పొడవవు" అన్నాడు చిన్నమామ. ఎన్నో నెలల తర్వాత ఆయన నోట నేను విన్న మాట అది. ఆ పూట రెండో సంగటి ముద్ద అడిగి పెట్టించుకున్నాడు. "కట్టెలు మేస్తాంటే ఈయప్పకు ఆకలైతాంది" అని ఎగతాళి చేస్తూనే అత్త ముద్దమీద నెయ్యి వేసింది.

శ్రావణంలో ముసురు పట్టింది. మా ఆడబిడ్డ కాన్పుకు వచ్చి ఉంది, ఇంట్లో పసిబిడ్డ. గ్యాసు అయిపోయింది, వాగు పొంగి బండి రాలేదు. ఉన్న పుల్లలన్నీ కాలిపోయాయి. బాలింతకు, బిడ్డకు నీళ్లు కాగాలి. అత్త గొడ్డలి తీసింది.

"పదమ్మే కొండకు. ఆయప్ప గొర్రెలుండాయి గదా. పైన తడిసినా లోపల ఎండుగానే ఉంటాయి."

అరుగుమీద కూర్చున్న చిన్నమామ అది విన్నాడు. "బిడ్డ కోసమైతే కొట్టుకోపో వదినా" అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మేము ఊరు దాటాక చూస్తే, కంబళి కప్పుకుని దూరంగా మా వెనకే వస్తున్నాడు.

కొండమీద అత్త ఒక పెద్ద గొర్రెను వంచడానికి దాని చెవి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. చెవి అంటే చండ్ర చెక్క ముక్క. దాని కొసన ఒక చీలిక, పక్కన చిన్న కొరుకు. అది మా ఇంటి గాటు. మా వైపు గొర్రెలకు చెవిగాటే గుర్తు, ఒక్కో ఇంటిది ఒక్కో తీరు. ఏ మందలో కలిసిపోయినా చెవి తడిమి మాదంటే ఇక మాదే. నాకు అక్షరం ముక్క రాని రోజుల్లో కూడా చదవగలిగిన గుర్తు అదొక్కటే. కట్టెలకొచ్చే ఆడవాళ్లంతా ఆ మందను ముట్టకుండా ఎందుకు చుట్టూ తిరిగి పోతారో నాకు అప్పుడు తెలిసింది. ఎండుకట్టె ఎవరిదైనా కావచ్చు, గాటు పడిన గొర్రె పరాయిది. అత్త పక్కదాని చెవి తడిమింది, దాని పక్కదాని చెవీ తడిమింది. పిల్లల చెవులు మాత్రం నున్నగా ఉన్నాయి.

"వీటికేమప్పా గాట్లు ఎయ్యలేదు?" అని అడిగింది.

"ఇంకా పసివి గదా వదినా. నొప్పి" అన్నాడు చిన్నమామ.

అత్త గొడ్డలి భుజాన వేసుకుని కొండ దిగింది. దారంతా వాననూ, వాగునూ, కట్టెకు చెవులు పెట్టిన మరిదినీ తిడుతూనే ఉంది. ఇంటికొచ్చాక వంటింట్లోకి పోకుండా నేరుగా ఖాళీ దొడ్డి ముందు నిలబడింది.

"నీ గొర్రెలు ఆడ కొండమీద మేస్తాంటే, ఈడ ఈ తలుపు ఎవరికి తీస్తాండావప్పా?"

చిన్నమామ తలుపు దగ్గరికి వచ్చాడు. ఏళ్ల తరబడి తన చెయ్యి తగిలి నునుపెక్కిన అంచును కాసేపు నిమిరాడు. తర్వాత ఆ తలుపును తనే గుంజనుంచి ఎత్తి తీసి, అత్త ముందు పెట్టాడు. చేవగల చండ్ర తలుపు. మొదట పొగలు కక్కినా తర్వాత ఎర్రగా మండింది. ఇల్లంతా ఆవిరీ సాంబ్రాణి పొగా కమ్ముకుని, మనుషులు కలలో నడిచినట్టు కనబడ్డారు. ఆడబిడ్డ నీళ్లు పోసుకుని నిద్రపోయింది. చిన్నమామ పొయ్యి ముందు చేతులు చాపి కూర్చున్నాడు.

"నీళ్లు బాగ కాగినాయా వదినా?"

"కాగినాయిలే. లేసి కూడు తిను."

ఆ సాయంత్రం ఆయన దొడ్డి దగ్గరికి పోలేదు. మళ్లీ ఎప్పుడూ పోలేదు.

తర్వాత కట్టెల మందకు చెదలు పట్టాయి. దులుపుతానంటే చిన్నమామ ఒప్పుకోలేదు. "మేయనీ తల్లీ, ఇన్నాళ్లూ ఇవి మేసినాయి, ఇప్పుడు వీటిని మేస్తాండాయి" అన్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది, అత్త కూడా పోయింది. పోయిన దసరాకు దేవరగట్టుకు పోయివస్తూ ఆ కొండెక్కాను. మొద్దులున్న చోట చిన్న చిన్న మట్టిదిబ్బలు, వాటిమీద చుట్టుపక్కల ఎక్కడా లేనంత ఒత్తుగా గడ్డి. ఎవరి మందో వచ్చి, తలలెత్తకుండా ఆ గడ్డి మేస్తోంది.

బస్సొచ్చింది. కాగితాన్ని పక్షి రెక్క మడతపడకుండా మడిచి చెంగున కట్టుకున్నాను. ఆ సాయంత్రాలన్నీ చిన్నమామ తలుపు తీసి నిలబడింది బహుశా కొండమీద ఆ గడ్డి మేస్తున్న గొర్రెల కోసమేనేమో, కాలం వాటిని కొంచెం ఆలస్యంగా తోలుకొచ్చింది.