బావగారి జేబులో ఫైనల్ మ్యాచ్

ఇండియా ఫైనల్ గెలిచింది. ఊరంతా టపాసులు కాల్చారు. ఆ మ్యాచ్ మా ఇంట్లో, మా కొత్త టీవీలో, చుట్టాలంతా కూర్చుని చూశారు. నేను మాత్రం ఆఖరి షాట్ చూడలేదండీ! నా ఇల్లు, నా టీవీ, నా శనగపిండి! తల్చుకుంటే కడుపు మండిపోతోంది. ఉండండి, మొదట్నుంచీ చెప్తాను.

తాడేపల్లిగూడెంలో మాది కిరాణా కొట్టు. నాన్నగారి రోజుల నుంచీ గల్లాపెట్టె పైన ఒకటే బోర్డు: 'నేడు నగదు, రేపు అరువు'. అందుకే నెల కిందట ఇంటికి వైఫై పెట్టడానికొచ్చిన సుబ్బారావు "ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా అండీ?" అంటే నాకు ఒళ్ళు మండింది.

"వాడుకుని తర్వాత కట్టడాన్ని ఏమంటారయ్యా? అప్పంటారు! మా కొట్లో బోర్డు ఎప్పుడూ చూళ్ళేదా? ప్రీపెయిడే పెట్టు" అన్నాను.

అక్కడితో ఊరుకున్నానా? ఏలూరులో ఉండే బావగారికి, అంటే మా ఆవిడ అన్నయ్యగారికి, ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆయనకి ఇంట్లో వైఫై, చేతిలో ఫోను అన్నీ పోస్ట్‌పెయిడే. "అంత బట్టల కొట్టు పెట్టుకుని ఈ అరువు బతుకేంటండీ బావగారూ?" అన్నాను. ఆయన నవ్వారు. వైఫైతో నడిచే మా కొత్త టీవీ చూపించి ఇంకాస్త గొప్పలు పోదామని ఫైనల్‌కి కుటుంబంతో సహా ఆయన్నే పిలిచాను.

రీఛార్జి అయిపోతోందని మెసేజీలు వస్తూనే ఉన్నాయి. మా ఆవిడా గుర్తు చేసింది. "ఉన్నది వాడకుండా మళ్ళీ కట్టడానికి మనకేమైనా పిచ్చా? అయ్యాక చూద్దాం" అన్నాను.

అయిందండీ. శుక్రవారం సాయంత్రం, మ్యాచ్ మంచి పట్టు మీదుండగా! తెర మీద సున్నా గిరగిరా తిరుగుతోంది. డబ్బు ముందే పుచ్చుకున్నవాడికి ఎంత పొగరండీ? ముందు కట్టినవాడికి ఇదా మర్యాద?

సరే, ఫోన్ తీసి రీఛార్జి కొట్టబోయాను. దేవుడి గదిలోంచి మా అమ్మ కేక! "ఒరేయ్! శుక్రవారం పూట, దీపం పెట్టాక, లక్ష్మిని బయటికి పంపుతావట్రా?"

"బీరువాలోంచి కాదమ్మా, ఫోన్లోంచి."

"ఎందులోంచి పోతే ఏం? పోయేది మన డబ్బేగా! పాల డబ్బులకొచ్చినామెని పొద్దున 'శుక్రవారం అడుగుతావా' అని పంపేసింది నువ్వు కాదూ?"

నేనే. ఫోన్ పక్కన పెట్టేశాను.

నా ఫోన్లో ఆ రోజు డేటా కొట్లో కూర్చుని మ్యాచ్ కబుర్లు చూడ్డానికే అయిపోయింది. ఇంట్లో వైఫై ఉండగా దండగ కదా అని మా ఆవిడ ఫోన్‌కి డేటా నేనే తీయించేశాను. ఇక మిగిలింది బావగారు.

"బావగారూ, రీఛార్జి మీరు కొట్టండి, రేప్పొద్దున్నే ఇచ్చేస్తాను."

"అయ్యో, శుక్రవారం మీకొక్కరికే వస్తుందా అండీ? మాకూ పట్టింపే. అందుకే మేం పోస్ట్‌పెయిడ్ పెట్టుకున్నాం. బిల్లు శుక్రవారం వచ్చినా శనివారం కట్టుకోవచ్చు."

చచ్చినట్టు అడిగాను. "పోనీ, మీ ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి మా టీవీకి కాస్త నెట్టు..."

"నేడు నగదు, రేపు అరువు కదండీ!" అన్నారు, కాలు మీద కాలేసుకుని. "నగదు వద్దులెండి, మిరపకాయ బజ్జీలు చాలు. ముందు బజ్జీలు, తర్వాతే నెట్టు. ప్రీపెయిడంటే మీకిష్టం కదా!"

మా ఆవిడ వైపు చూశాను. "నోరు తెరిచి అన్నయ్య అడిగితే ఆ మాత్రం వేసిపెట్టలేరా?" అంది. సోఫాలోంచి కదల్లేదు!

అలా నేను పొయ్యి దగ్గర, మ్యాచ్ బావగారి జేబులో. ఆయన గాలికని వీధి అరుగు మీదికెళ్తే టీవీ ఆగిపోతుంది. "నాన్నా, కదలకు!" అని ఆయన పిల్లల గోల. దాంతో ఆయన్ని కూర్చున్న చోటే కూర్చోబెట్టి మంచినీళ్ళూ కాఫీ కూడా నేనే అందించాను. ఆఖరి ఓవర్‌కి ఇంకో వాయి కావాలన్నారు. బజ్జీ నూనెలో వేశానో లేదో, హాల్లోంచి ఒకటే అరుపులు! చిల్లుల గరిటెతో పరిగెత్తాను. అప్పటికే అందరూ ఒకర్నొకరు వాటేసుకుంటున్నారు.

"ఆ షాట్ మళ్ళీ వేస్తాడర్రా, ఉండండి!" అన్నాను.

బావగారు లేచి ఒళ్ళు విరుచుకున్నారు. "రైలుకి టైమైందండీ, వెళ్ళొస్తాం. బజ్జీలు బ్రహ్మాండం!" అని బయల్దేరారు. ఆయనతో పాటే నెట్టూ వెళ్ళిపోయింది. తెర మీద మళ్ళీ సున్నా.

శనివారం కొట్టు తెరవగానే సుబ్బారావుని పిలిపించి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, పోస్ట్‌పెయిడ్‌కి మార్చమన్నాను. నవ్వకుండా మార్చాడు పాపం. తర్వాత కిలో పంచదార, టీపొడి కట్టించుకుని సంచిలో వేసుకున్నాడు.

"డబ్బులేవయ్యా?"

"నెలాఖరుకి మీ బిల్లు తెస్తాను కదండీ, అప్పుడు కలిపి చూసుకుందాం" అన్నాడు వినయంగా.

నేను బోర్డు వంక చూశాను. అతనూ చూశాడు.

"పంచదార కిలో సరిపోతుందా బాబూ," అన్నాను, "ఇంకో కిలో కట్టమంటావా?"